నీలి గౌను మడతలు

రేడియో గొంతు సవరించుకుంది. అది వినగానే ఆడవాళ్ళంతా ముందుకి వంగి, ఆమె ఎదురుగా ఉన్న గౌన్ల కుప్పలోంచి తలా కొన్ని తమ ఒళ్ళోకి లాక్కున్నారు.

అది ఆ గది పద్ధతి. కుట్టు మిషన్లన్నీ కింది అంతస్తులో ఉంటాయి. పైన దారాలు కత్తిరించడం, బొత్తాలు కుట్టడం, ఇస్త్రీ. చేతులకే పని, చెవులు ఖాళీ. అందుకని ఒకమ్మాయి వారపత్రిక చదువుతుంది, మిగతావాళ్ళు వింటూ ఆమె వాటా పని కూడా చేసి పెడతారు. ఆ అమ్మాయికి అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఇక్కడ అందరికీ రేడియోనే. సూపర్వైజరు చూసీ చూడనట్టు పోతాడు. కథ నడుస్తున్నంతసేపూ ఒక్కతీ నీళ్ళకని లేవదు, అదీ అతని లాభం.

"ఏం కథే ఇవాళ?" అంది దారాలత్త. గదిలో అందరికంటే పాతమనిషి. చేతిలో కత్తెరకంటే నోట్లో కత్తెర పదును. "విడిపోయి కలుసుకునేదైతే నాకొద్దు. విడిపోయేదాకా చదివి ఆపెయ్యి, హాయిగా ఉంటుంది."

"దెయ్యం కథ అత్తా."

"మా ఆయనకంటేనా?"

గది నవ్వింది. కిటికీ పక్కన బల్ల దగ్గర ఇస్త్రీ చేసే మేస్త్రీ నవ్వలేదు. అతను నవ్వాడా లేదా అని చూసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

రేడియో చదవడం మొదలుపెట్టింది.

"దర్జీ తన భార్య పోయాక ఆమె బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాడు. ఒక్క నీలి గౌను మాత్రం ఉంచుకున్నాడు. ఉతికి, ఇస్త్రీ చేసి, పడగ్గది తలుపుకి తగిలించాడు. పొద్దున్నే లేచి చూస్తే గౌను నలిగి ఉంది. మోచేతుల దగ్గర సన్నటి మడతలు. ఒళ్ళో అడ్డంగా ఒక మడత. ఎవరో దాన్ని తొడుక్కుని, చాలాసేపు కూర్చుని, లేచి, విప్పి, మళ్ళీ తగిలించి వెళ్ళినట్టు."

మేస్త్రీ చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది.

కమురు వాసన ముక్కుకి తగిలాక గానీ అతను పెట్టె ఎత్తలేదు. గౌను కాలరు మీద లేత గోధుమరంగు మచ్చ. పని నేర్చుకునే రోజుల తర్వాత అతని చేతిలో బట్ట కాలడం ఇదే మొదటిసారి. గబగబా దాన్ని మడిచి బల్ల కిందికి తోసేశాడు.

ఆ తలుపు అతని ఇంటి తలుపు. ఆ గౌను అతని ఇంట్లో ఉంది, ఈ పూట కూడా, నిన్న రాత్రి తగిలించినచోటే. రేడియోకి చెప్పింది అతనే. ఒకరోజు భోజనాల వేళ అందరూ గుంపుగా కూర్చుంటే ఈ పిల్ల ఒక్కతే గిన్నె పట్టుకుని బల్ల దగ్గరికొచ్చి, "ఇంట్లో ఎట్లా ఉంటున్నారు బాబాయ్?" అని అడిగింది. అప్పటిదాకా ఆ మాట అడిగిన మనిషి లేదు. నోరు జారాడు. అంతా చెప్పాడు. పత్రికలో రాసినావిడ పేరు వేరేదేదో ఉండొచ్చు. రాసిన చెయ్యి మాత్రం ఇదిగో, ఎదురుగా పేజీ తిప్పుతోంది.

"దర్జీ భయపడలేదు," చదువుతోంది రేడియో. "మళ్ళీ ఇస్త్రీ చేశాడు. ఆమె కూర్చోవడానికి వీలుగా కుర్చీ తెచ్చి తలుపు పక్కన వేశాడు. చలిగా ఉన్న రోజున కుర్చీ మీద దుప్పటి పరిచాడు. పొద్దున్నే ఆ దుప్పటి కుర్చీలో లేదు. అతని కాళ్ళ మీద కప్పి ఉంది."

గదిలో కత్తెరల చప్పుడు ఆగింది.

"అబ్బ," అంది బొత్తాలు కుట్టే కొత్తమ్మాయి. పెళ్ళయి ఏడాది తిరగలేదు ఆమెకి. "చచ్చిపోయి కూడా దుప్పటి కప్పింది చూడండి."

"మా ఆయన బతికుండగానే లాక్కుంటాడు," అంది దారాలత్త. అని, ఎవరూ చూడకుండా మోచేత్తో కళ్ళు ఒత్తుకుంది. అందరూ చూశారు. ఆ తర్వాత ఎవరి ముక్కు వాళ్ళు ఎగబీల్చుకున్నారు.

మేస్త్రీ వాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. తన భార్య బొత్తాలు కుడుతూ కూర్చున్న ఎత్తుపీట అదిగో అక్కడే ఉంది, ఇప్పుడు దాని మీద బొత్తాల డబ్బా పెట్టుకుంటున్నారు. జ్వరంతో, దగ్గుతో ఆమె వేళ్ళు వణికి సూదిలో దారం ఎక్కించలేకపోతుంటే, కొన్నాళ్ళు ఆమె వాటా అందరూ తలా కాస్త పంచుకుంటారా అని అతనే నోరు విడిచి అడిగాడు. "ఒళ్ళు నొప్పులు అందరికీ ఉంటాయి మేస్త్రీ. చేతకాకపోతే ఇంట్లో కూర్చోమను," అంది ఈ దారాలత్తే. మిగతావాళ్ళు తల దించుకుని పనిచేసుకున్నారు. ఆ ఆర్డరు బట్టల లాటు వెళ్ళేదాకా ఆమె కుట్టింది. లాటు వెళ్ళింది. వెనకే ఆమె కూడా పోయింది.

ఇప్పుడు అదే కళ్ళు ఆమె కోసం తడుస్తున్నాయి. ఆమె కోసమని తెలియక.

తెలియకపోతే ఏం, అనుకున్నాడు మేస్త్రీ. ఏడిస్తే చాలు. అతని గుండెలో ఏదో కసిగా, తియ్యగా కదిలింది. గంట కొట్టేసరికి కథ సగంలో ఆగింది. తర్వాత ఏమవుతుందో చెప్పమని ఎంత బతిమాలినా రేడియో పత్రిక సంచిలో పెట్టేసుకుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మేస్త్రీ చేసిన మొదటి పని వంటింట్లోంచి కుర్చీ తెచ్చి పడగ్గది తలుపు పక్కన వెయ్యడం. దుప్పటి కూడా పరిచాడు. రేడియో కల్పించిన సంగతే అది. తనకెందుకు తట్టలేదా అని సిగ్గుపడ్డాడు. ఇన్నాళ్ళూ ఆమె ఎక్కడ కూర్చుందో ఏమో. నేల మీదేనేమో.

పొద్దున్నే దుప్పటి కుర్చీలోనే ఉంది. గౌను మాత్రం బాగా నలిగి ఉంది. ఒళ్ళో మడత రోజూకంటే లోతుగా పడింది. చాలాసేపు కూర్చుందన్నమాట. అతను ఆ మడత మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు.

*

"నిన్న ఎక్కడ ఆపావే?" "దుప్పటి దగ్గర." "కుప్ప ఇటు తొయ్యి, త్వరగా కానీ."

రేడియో చదివింది. ఈసారి మేస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టి, చేతులు ఖాళీగా పెట్టుకుని విన్నాడు.

"ఒకరోజు ఇస్త్రీ చేస్తుంటే గౌనుకి చంక కింద కుట్టు విడిపోయి కనబడింది. ఆమె సన్నటి మనిషి. ఆమె ఒంటి మీద ఈ గౌను ఎప్పుడూ వదులే. దర్జీ చాలాసేపు ఆ చిరుగును చూశాడు. తర్వాత చొక్కా విప్పి అద్దం ముందు నిలబడ్డాడు. భుజాల చుట్టూ, చంకల కింద ఎర్రటి గీతలు. బిగుతు బట్ట తొడుక్కుని రాత్రంతా కూర్చున్న మనిషికి పడే గీతలు."

ఎవరో "అయ్యో" అన్నారు.

"దర్జీ ఏడవలేదు. గౌను తిరగేసి, పక్క కుట్లన్నీ విప్పాడు. టేపు తీసి తన భుజాలు కొలుచుకున్నాడు. తన కొలతకి సరిపోయేట్టు గౌనుని వదులు చేసి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి, తలుపుకి తగిలించాడు."

రేడియో పత్రిక మూసింది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"ఛీ!" అంది దారాలత్త. "నిన్న నా కన్నీళ్ళు ఉత్తపుణ్యానికి ఖర్చు చేయించింది. పెళ్ళాం గౌను తొడుక్కుని ఊరేగే మగాడి కోసమా నేనేడ్చింది?"

"ఊరేగలేదత్తా, నిద్రలో. వాడికే తెలీదు."

"తెలిశాక ఏం చేశాడే? వదులు చేసుకున్నాడు! అది చూడు."

"అదే కదా బాగుంది," అంది కొత్తమ్మాయి. "ఆవిడ రాదని తెలిసింది. ఆవిడ బదులు తనన్నా వస్తూ ఉందామనుకున్నాడు."

"నాకైతే ఒళ్ళు జలదరించింది బాబూ. ఆవిడే వచ్చినా ఇంత భయపడేదాన్ని కాదు."

"అసలు మొదట్నుంచీ వాడేనంటావా?"

"మరి? చచ్చినవాళ్ళు వస్తే మా అత్తగారు ఎప్పుడో వచ్చేది, నా వంటకి వంక పెట్టడానికి."

నవ్వులు. మేస్త్రీ పెట్టె అందుకోబోయి, వేడి పక్క పట్టుకున్నాడు. వేళ్ళు చురుక్కుమన్నా చప్పుడు చెయ్యలేదు. రేడియో అతని వంక ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది.

ఇంట్లో అతను చొక్కా విప్పి అద్దం ముందు నిలబడ్డాడు. భుజాల మీద బనీను గీతలున్నాయి. బనీను వేసుకునే ప్రతి మగాడికీ ఉంటాయి. అయినా వేలితో తడిమి తడిమి చూశాడు. గౌను తిరగేసి చంక కింద కుట్లు వెలుతురుకి పట్టి చూశాడు. ఒక్క పోగు తెగలేదు. అయినా మనసు నిలవలేదు. నెమ్మదిగా తొడుక్కుంటే తెగదేమో. నిద్రలో మనిషి ఎంత నెమ్మదో ఎవడు చూశాడు?

గౌను తగిలించాడు గానీ కళ్ళు మూతపడలేదు. పొద్దున్నే చూస్తే గౌను తగిలించినట్టే ఉంది. బల్ల మీదనుంచి అప్పుడే లేచిన బట్టలా, గీత గీసినట్టు.

నిద్ర పట్టలేదు, మడత పడలేదు. ఇంకేం రుజువు కావాలి? కథలో రాసినట్టేగా. అతను కుర్చీ తీసి వంటింట్లో పెట్టేశాడు.

*

మర్నాటికి కథ కింది అంతస్తుకి పాకింది. బట్ట కోసే కత్తెర మామ, మనిషి నలభై దాటినా పళ్ళు ఇకిలించడం మానని రకం, కట్టలు పైకి మోసుకొచ్చి దించాడు.

"ఏవమ్మా, ఎవరో మగాడు పెళ్ళాం గౌను కట్టుకున్నాడంట? మీ గదిలో అంతా అదే మాటంట?"

"నీకు సరిపోయే కొలత లేదులే," అంది దారాలత్త.

"ఎందుకు లేదు?" అని అతను ఇస్త్రీ అయిన దొంతరలోంచి ఒక గౌను లాగాడు. చొక్కా మీదే తల దూర్చి, చేతులు జొనిపి, చిన్నగా అడుగులేసుకుంటూ వచ్చి, ఖాళీగా ఉన్న ఎత్తుపీట మీంచి బొత్తాల డబ్బా తీసి కింద పెట్టి, కూర్చున్నాడు. మోకాళ్ళు దగ్గర చేసుకుని, గొంతు సన్నం చేసి, "ఏవండీ, దుప్పటి కప్పుకోండి, జలుబు చేస్తుంది," అన్నాడు.

గది విరగబడి నవ్వింది. కొత్తమ్మాయి కూడా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. రేడియో మాత్రం తల దించుకుని దారం చివర కొరుకుతోంది.

"మేస్త్రీ, ఇస్త్రీ చెయ్యి బాబూ, మళ్ళీ రాత్రికి రావాలి నేను," అంటూ అతను గౌను విప్పి బల్ల మీదికి విసిరాడు.

మేస్త్రీకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ పీట మీద. ఆ పీటే. పెట్టె ఎత్తి వాడి మొహాన పెట్టాలనిపించింది. అలవాటైన చెయ్యి మాత్రం గౌను పరిచింది, నీళ్ళు చల్లింది, పెట్టె అందుకుంది.

అప్పుడు చూశాడు.

మడతలు భుజం మీదనుంచి చంకలోకి ఏటవాలుగా లాక్కుపోయి ఉన్నాయి. వీపు మధ్యన నిలువునా ఒక ముడత, రెండువైపులా గుంజినట్టు. ఒళ్ళో మడత ఎక్కడో కింద, మోకాళ్ళకి దగ్గరగా. మగాడి తొడ పొడుగు. మోచేతి దగ్గర ఒకే ఒక మొద్దు మడత.

అతని ఇంట్లో గౌను మీద మడత ఎప్పుడూ భుజాల దగ్గర పడలేదు. వీపు నున్నగా ఉండేది. ఒళ్ళో మడత పైకి, జానెడు పైకి పడేది. మోచేతి దగ్గర మూడు సన్నటి గీతలు, పిల్లి గీరినట్టు. అతను జీవితమంతా బట్టల మీంచి మనుషుల్ని చెరిపేసిన మనిషి. ఎవరు ఎట్లా కూర్చుంటే ఎక్కడ నలుగుతుందో అతని చేతికి తెలుసు. చేతికి తెలిసింది బుర్రకి ఇన్నాళ్ళూ తట్టలేదు.

కత్తెర మామ ఒడ్డూ పొడుగూ తనంతే. తనదైతే ఇట్లాగే పడాలి.

తను కాదు.

పెట్టె కింద పెట్టాడు. ఆమె వచ్చింది. నిజంగా వచ్చింది. ఇంతమంది నవ్వి తేల్చింది అబద్ధం.

భోజనాల వేళ వెనక కుళాయి దగ్గర రేడియోని పట్టుకున్నాడు.

"నాకు చెప్పకుండా ఎట్లా రాశావు?"

రేడియో చేతులు కడుక్కుంటూనే ఉంది. "మీ పేరు రాయలేదుగా బాబాయ్. ఇస్త్రీ మేస్త్రీ అని కూడా రాయలేదు. దర్జీ అన్నాను."

"దర్జీ అంటే నేను కాకుండా పోయానా?"

"ఎవరికీ తెలీదుగా."

"నాకు తెలుసు. ఆ చివర ఎందుకు అట్లా రాశావు? నేను చెప్పానా నీకు, నేనే తొడుక్కున్నానని?"

కుళాయి కట్టేసింది. తడిచేతులు తుడుచుకోవడానికి చాలాసేపు తీసుకుంది. "పత్రికవాళ్ళు ముగింపు లేదని తిప్పి పంపారు. అందుకని..." ఆగింది. "ఉన్నమాట చెప్పనా? మీరు చెప్పినరోజే నాకు అట్లా అనిపించింది. మొదటినుంచీ మీరేనని."

"అంటే నా ఎదురుగా తల ఊపుతూ కూర్చుని, లోపల నన్ను పిచ్చివాణ్ణి చేశావన్నమాట."

"పిచ్చి అనలేదు బాబాయ్."

మేస్త్రీ మడతల సంగతి చెప్పాడు. భుజం, వీపు, ఒళ్ళో మడత ఎత్తు, మోచేతి గీతలు. గాలిలో వేలితో గీసి మరీ చెప్పాడు. రేడియో అంతా విని మెత్తగా, "సరే బాబాయ్. మీరన్నట్టే," అంది. జ్వరంలో మాట్లాడేవాడితో అన్నట్టు అంది. ఆ మెత్తదనం కత్తెర మామ వెక్కిరింతకంటే లోతుగా దిగింది.

"తర్వాత ఏమైంది?" అంది అంతలోనే. "ఇంకా పడుతున్నాయా మడతలు?"

ఆమె కళ్ళలో ఆశ చూశాడు మేస్త్రీ. వేడి గిన్నె మీది మూత తీసే మనిషి కళ్ళు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి గౌను మళ్ళీ ఇస్త్రీ చేశాడు. కుర్చీ మళ్ళీ తెచ్చి వేశాడు. ఆమెతో ఎప్పుడూ బయటికి అనని మాట, తప్పయిందన్న మాట, తలుపు వైపు తిరిగి అన్నాడు. అలిసిపోయి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

పొద్దున్నే గౌను మీద ఒక్క గీత లేదు.

ఇంతకంటే కథలోదే నిజమై ఉంటే బాగుండేది. అప్పుడు పోగొట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆమె వచ్చింది. ఎవరితోనో చెప్పాడు. నలుగురూ నవ్వారు. తనూ అనుమానించి కుర్చీ తీసేశాడు. ఇంక ఆమె రాదు. జ్వరం మనిషిని ఎవరూ పట్టించుకోకపోతే నోరెత్తకుండా సూది పట్టుకుని కూర్చుంది. ఇప్పుడూ అంతే, నోరెత్తకుండా మానేసింది.

అతను గౌనుని హ్యాంగరు మీంచి తీసి, చంకలో పెట్టుకుని పనికి బయల్దేరాడు.

*

సాయంత్రం గంట కొట్టడానికి ముందు, ఆడవాళ్ళు ఒళ్ళు దులుపుకుంటుండగా, మేస్త్రీ నీలి గౌను బల్ల మీద పరిచాడు.

"లాటులోది కాదే. ఎవరిది మేస్త్రీ?" అంది దారాలత్త.

"రేడియోది."

"దాని భుజం కూడా పట్టదందులో," అని నవ్విందావిడ. రేడియో నిండు మనిషి. అది రోజూ ఉన్న జోకే.

రేడియో నవ్వలేదు. ఆమె మొహం పాలిపోయింది. దగ్గరికొచ్చి, "బాబాయ్, ఇక్కడొద్దు," అంది లోగొంతుకతో.

మేస్త్రీ తొందరపడలేదు. మంచి ఆవిరి పెట్టి గౌను చేతులు చేశాడు. కాలరు చేశాడు. వీపు చేశాడు. చివరికి ఒళ్ళో భాగం పరిచి, రెండుసార్లు పెట్టె నడిపించాడు. హ్యాంగరుకి వేసి ఆమె చేతిలో పెట్టాడు.

"దీన్ని నువ్వు తొడుక్కోలేవు. నిద్రలో అయినా, మెలకువలో అయినా. నీ ఇంట్లో ఎవరుంటారు?"

"నేనొక్కదాన్నే."

"మంచిది. తలుపుకి తగిలించు. పొద్దున్నే చూసుకో."

"నాకొద్దు బాబాయ్. మీరు ఉంచుకోండి. నేను ముగింపు మార్చి..."

"నువ్వు మారిస్తే నాకు ఒరిగేదేంటి? నీకు చెప్పినరోజే నా ఇంట్లో అది పాతబట్ట అయిపోయింది." అతని గొంతు లేచింది. దారాలత్త అటే చూస్తోంది. "ఉంచుకో. నాకొద్దు ఇంక. నువ్వే రాశావు, నువ్వే మొయ్యి."

రేడియో గౌనుని ఒంటికి ఎడంగా పట్టుకుని మెట్లు దిగింది, తడిబట్ట పట్టుకున్నట్టు.

"ఏంటి మేస్త్రీ, ఆ పిల్లనట్లా కసురుకున్నావు?" అంది దారాలత్త. "ఎవరిదా గౌను?"

మేస్త్రీ ఆమె కళ్ళలోకి చూశాడు. పేరు చెబితే రేపటికి ఈ గదిలో ఇంకో ఏడుపు, ఎల్లుండికి ఇంకో నవ్వు. "పని చూసుకో," అన్నాడు.

ఇంట్లో తలుపుకి ఖాళీ మేకు మిగిలింది. తను చేసింది న్యాయమే అనుకున్నాడు. ఆ పిల్ల పొద్దున్నే నున్నగా ఉన్న గౌను చూసి తనని పిచ్చివాడనుకుంటుంది. అనుకోనీ. లేదూ, మడత పడిందా, హడలి చస్తుంది. గౌను పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. రెండిట్లో ఏదైనా సరేననుకుని దుప్పటి కప్పుకున్నాడు.

*

రేడియో ఆలస్యంగా వచ్చింది. చేతిలో గౌను లేదు. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. కూర్చుని తన కుప్ప తన దగ్గరికి లాక్కుని, కత్తెర తీసుకుంది.

"ఏమ్మా రేడియో, స్టేషన్ దొరకట్లేదా?" అన్నారెవరో.

"ఇవాళ చదవలేను. గొంతు బాగాలేదు."

గొంతు బాగానే ఉంది. మేస్త్రీ మధ్యాహ్నం దాకా ఆగాడు. గంట కొట్టగానే ఆమె గిన్నె పట్టుకుని వెనక కుళాయి అరుగు మీదికి వెళ్ళింది. అతను వెనకే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"పడ్డాయా?"

"లేదు బాబాయ్."

"నిజం చెప్పు."

"ఎట్లా ఇచ్చారో అట్లాగే ఉంది."

మేస్త్రీ గోడకి ఆనుకున్నాడు. అయిపోయిందన్నమాట. ఎక్కడా లేదన్నమాట. విచిత్రంగా కాస్త తేలిక కూడా అనిపించింది. ఆమె ఇక్కడికి రాలేదు, అక్కడికీ రాలేదు. పోయిన మనిషి పోయినట్టే ఉంది. గౌను గౌనే.

"సరే. సాయంత్రం నీతో వచ్చి తీసుకెళ్తాను."

రేడియో నోటి దాకా వెళ్ళిన చెయ్యి ఆగింది. "ఏది?"

"ఏదేంటి? గౌను."

"మీరిచ్చేశారుగా. ఉంచుకోమన్నారు."

"కోపంలో అన్నాను."

ఆమె గిన్నె మూత పెట్టేసింది. సగం కూడా తినలేదు. అతని వైపు చూడకుండా, అరుగు మీద పడిన మెతుకులు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది.

"బాబాయ్, ఆవిడ లెక్కపెట్టేదా?"

"ఏంటి?"

"బొత్తాలు. గొంతులోనే. ఒకటి నుంచి ఏడు దాకా, మళ్ళీ ఒకటి నుంచి. ఏడు దగ్గర కొంచెం ఆగి."

అది పై గదిలో ఎవరికీ తెలియదు. పని దగ్గర ఆమె ఎప్పుడూ పెదవి కదపలేదు. మంచం పట్టిన ఆఖరి రోజుల్లో, మగతలో, పక్కన పడుకున్నవాడికి మాత్రమే వినబడేట్టు లెక్కపెట్టేది. ఒక గౌనుకి ఏడు. అయ్యాక దారం తెంపడానికి ఆగేది. ఆ సంగతి అతను రేడియోకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

అన్ని పొద్దుటిపూటలూ అతనికి దక్కింది మడతలే. గొంతు ఒక్కసారి కూడా వినబడలేదు.

"విన్నావా?"

రేడియో మెతుకులు ఏరుతోంది.

"ఇంకా... ఇంకా దగ్గుతోందా?"

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

మేస్త్రీ ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. పెళ్ళాం వాటా పంచుకోమని ఆ గదిలో అడిగినరోజు తర్వాత అతను ఎవరినీ ఏమీ అడగలేదు. "గౌను ఇచ్చెయ్యమ్మా," అన్నాడు. "నీకు దండం పెడతాను."

రేడియో లేచింది. గిన్నె కడిగింది. నీళ్ళు వంపేసి, పైట కొంగులేని మనిషి దేంతో తుడుచుకోవాలో తెలియనట్టు చేతులు గాలిలో పట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళ కింద రాత్రంతా మేలుకున్న నలుపు ఉంది. భయం మాత్రం లేదు.

"ఇవ్వను బాబాయ్," అంది. "నాకు మాత్రం ఎవరున్నారు?"

గంట కొట్టారు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అతను వెళ్ళేసరికి గదిలో రేడియోని దెప్పుతున్నారు. "గొంతు లేకపోతే నీ కుప్ప నువ్వే చేసుకో తల్లీ," అంటూ దారాలత్త పొద్దున ఆమె రాకముందే అలవాటుకొద్దీ తీసుకున్న గౌన్లు తిరిగి రేడియో ఒళ్ళోకి విసిరింది. మిగతావాళ్ళూ విసిరారు. రేడియో వాటిని సర్దుకుని, పై గౌను తీసి దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి లాటు వెళ్ళాలి. మేస్త్రీ బల్ల దగ్గరికెళ్ళి పెట్టె ఎత్తాడు. గౌను పరిచాడు, నీళ్ళు చల్లాడు. మోచేతుల దగ్గర నొక్కాడు, ఒళ్ళో నొక్కాడు. దాన్ని మడిచి పక్కన పెట్టి ఇంకోటి పరిచాడు. దొంతర నడుం ఎత్తు లేచేదాకా, ఒక్క గీత మిగలకుండా, అన్నీ చేశాడు.